పాత పొడవు కొలతల మార్పిడి: మంచిర్యాల బొగ్గు ప్రాంతం

వాడుకలోంచి తొలగిన, లేదా తొలగుతున్న పొడవు ప్రమాణాలను నేటి మీటరు లెక్కలోకి తేవడాన్ని కొలతల మార్పిడి అంటారు. బడిలో నేర్పే పద్ధతి తేలికైనదే: అడుగుల్ని 0.3048తో, గజాల్ని 0.9144తో హెచ్చవేస్తే మీటర్లు, మైళ్ళను 1.609344తో హెచ్చవేస్తే కిలోమీటర్లు వస్తాయి. గోదావరికి ఒక ఒడ్డున మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, రెండో ఒడ్డున గోదావరిఖని, రామగుండం ఉన్న బొగ్గు ప్రాంతంలో ఈ పద్ధతి సగం పనే చేస్తుంది. ఇక్కడ పొలాన్ని గొలుసుతో కొలిచారు. నేలను త్రికోణాలుగా విడగొట్టి సర్వే పటాలు గీసినవాళ్ళు మరో రకం అడుగు వాడారు. కార్మికులు బాయి అని పిలిచే గనిని ఇంగ్లీషు అడుగుల్లో తవ్వడం మొదలుపెట్టి మధ్యలో మీటర్లకు మారారు. బొగ్గు పొడిని మైక్రాన్లలో, దానిలోని ఖనిజాన్ని ఆంగ్‌స్ట్రాముల్లో కొలిచారు. పాత కాగితం మీద ఒక అంకె కనబడితే, అది ఎవరి కొలత, ఏ కాలంది, ఏ పని కోసం తీసుకున్నది అన్న సంగతులు తేలాకే గుణకం చేతికి తీసుకోవాలి.

ఒంటి కొలతలు, దారి కొలతలు

అంగుళం, బెత్తెడు, జాన, మూర, బార అన్నవి తెలుగునాట ఒంటితో కొలిచిన ప్రమాణాలు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు. పన్నెండు అంగుళాలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. ఇక్కడి అంగుళం వేలి వెడల్పు, అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. 25.4 మిల్లీమీటర్ల ఇంగ్లీషు ఇంచునూ తెలుగులో అంగుళమనే పిలవడంతో లెక్కలు తప్పుతుంటాయి. పాత గ్రంథంలో 24 అంగుళాల మూర అని ఉంటే అది రెండు ఇంగ్లీషు అడుగులు కాదు, అడుగున్నర. ఆ లెక్కన జాన 23 సెంటీమీటర్లు, మూర 46, బార 1.8 మీటర్లు. మంచిర్యాల పూలబజారులో మల్లెపూలు నేటికీ మూరల్లోనే అమ్ముతారు. అమ్మే మనిషి చెయ్యే అక్కడి ప్రమాణం కనక దాన్ని సెంటీమీటర్లలోకి మార్చి సాధించేదేమీ లేదు.

ఒంటి కొలతను స్థిరపరచాలన్న ప్రయత్నం చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం మామూలు హస్తాన్ని, అంటే మూరను, 24 అంగుళాలుగా చెప్పి అంతటితో ఆగలేదు. వడ్రంగం పనికి, కోటలకు, సైనిక శిబిరాలకు 42 అంగుళాల కొలత వేరుగా చెప్పింది. కలప అడవులకు 54 అంగుళాల హస్తం పెట్టింది. అంటే ఒకే రాజ్యంలో, ఒకే కాలంలో పనిని బట్టి కొలత రెండింతలకు పైగా మారేది. మంచిర్యాల జిల్లాలోనే ఉన్న జన్నారం టేకు అడవుల వంటి చోటుకు ఆ సూత్రాన్ని పెట్టి చూస్తే, ఒక దుంగ పొడవు ఊళ్ళో ఒక అంకె, అడవిలో మరో అంకె అవుతుంది. కాకతీయుల శాసనాల్లో కనిపించే గడ అనే కొలకర్రదీ ఇదే చిక్కు. భూదానాన్ని మర్తురులనే విస్తీర్ణ ప్రమాణంలో చెబుతారు, కొలిచింది గడతో, ఆ గడ పొడవు ప్రాంతాన్ని బట్టి మారేది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. అలాంటి గణిత గ్రంథం ఇచ్చే పట్టిక ప్రమాణాల మధ్య నిష్పత్తిని కచ్చితంగా చెప్పగలదు. మొదటి ప్రమాణం అసలు పొడవెంతో చెప్పడం దాని వల్ల కాదు.

యోజనం దీనికి మంచి ఉదాహరణ. ఆర్యభటుడు 8,000 నరులు ఒక యోజనమన్నాడు. నరుడంటే 96 అంగుళాలు, సుమారు ఆరడుగులు. నేరుగా లెక్కగడితే యోజనం 14.6 కిలోమీటర్లు. అదే ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. నేడు తెలిసిన 12,742 కిలోమీటర్లను దానితో భాగిస్తే 12.1 వస్తుంది. సూర్యసిద్ధాంతం ఆ వ్యాసాన్నే 1,600 యోజనాలంది, దాంతో యోజనం ఎనిమిది కిలోమీటర్లకు దిగుతుంది. ప్రాచీనులు కాంతివేగం కనుక్కున్నారనో, సూర్యుడి దూరం చెప్పారనో వచ్చే వ్యాసాలు ఈ మూడింటిలో తమకు అనువైన యోజనాన్ని ఏరుకుంటాయి. ఇలాంటి చోట ఒక్క అంకె ఇచ్చి ఊరుకోవడం మార్పిడి అనిపించుకోదు.

దారి దూరాలకు కోసు, ఆమడ వాడుకలో ఉండేవి. అక్బరు కాలపు లెక్కలో కోసు అంటే 5,000 ఇలాహీ గజాలు. ఆ గజాన్ని తరవాత 33 ఇంచులుగా స్థిరపరచారు కనక కోసు 4.19 కిలోమీటర్లు. తెలుగు పల్లెల్లో కోసు రెండు మైళ్ళు, అంటే 3.2 కిలోమీటర్లు. ఫార్సీ దస్తావేజులోని కోసును, ఊరివాళ్ళు చెప్పే కోసును ఒకటే అనుకుంటే ప్రతి కోసుకూ కిలోమీటరు తేడా పడుతుంది. ఆమడను కొందరు ఎనిమిది మైళ్ళుగా, కొందరు పదిగా లెక్కగట్టారు. ఆమడ దూరం అన్న మాటలో ఇంకా బతికి ఉన్నది దూరమన్న భావమే గాని కొలత కాదు.

గొలుసు, గుంట

భూమి కొలతకు వచ్చేసరికి చరిత్ర స్పష్టమవుతుంది. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు 66 అడుగుల గొలుసు తయారుచేశాడు. అందులో నూరు లింకులు, ఒక్కో లింకు 7.92 ఇంచులు. పది గొలుసులు ఒక ఫర్లాంగు, ఎనభై గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మద్రాసు ప్రెసిడెన్సీ ఈ లెక్కనే పట్టుకుంది, ఎకరాన్ని నూరు సెంట్లు చేసింది. బొంబాయి ప్రెసిడెన్సీ సర్వే పద్ధతి వేరు. అక్కడ గొలుసు అందులో సగం, 33 అడుగులు, దానికి పదహారు అణాలు. రూపాయికి అణాలు పదహారైనట్టే గొలుసుకూ పదహారు పెట్టారు. ఒక్కో అణా 24.75 ఇంచులు, దాదాపు 63 సెంటీమీటర్లు. ఆ గొలుసు నిడివీ వెడల్పూ ఉన్న చదరం ఒక గుంట: 1,089 చదరపు అడుగులు, 121 చదరపు గజాలు, 101.17 చదరపు మీటర్లు. నలభై గుంటలు ఎకరం. హైదరాబాద్ రాజ్యం గుంటను తీసుకుంది. అందుకే తెలంగాణలో గుంట, కోస్తా, రాయలసీమల్లో సెంటు.

దీని ఫలితం నేటి పాస్‌బుక్కుల్లో ఉంది. మంచిర్యాల రైతు పట్టాలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. గుంటూరు జిల్లా కాగితంలో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. రెంటికీ మధ్య తేడా పన్నెండు గుంటలు, 1,452 చదరపు గజాలు. తెలంగాణ పట్టాలోని ఆ చుక్క దశాంశ బిందువు కాదు. అది ఎకరాలనీ గుంటలనీ విడదీసే గుర్తు మాత్రమే. 2.20కి 1.30 కలిపితే కంప్యూటరు 3.50 అంటుంది, అసలు జవాబు 4.10. రెవెన్యూ లెక్కల్ని మామూలు స్ప్రెడ్‌షీటులో పెట్టి కూడేవాళ్ళు ముందు గుంటల్ని నలభైతో భాగించుకోవాలి.

గొలుసు నక్షాల స్కేళ్ళలోనూ దాగి ఉంటుంది. ఎక్కడైనా 1:7,920 అన్న వింత అంకె కనిపిస్తే గాభరా పడనక్కర్లేదు. ఒక ఇంచుకు పది గంటర్ గొలుసులు, అంటే మైలుకు ఎనిమిది ఇంచులు. 1:3,960 అయితే మైలుకు పదహారు ఇంచులు. 33 అడుగుల గొలుసు నేటి లెక్కలో 10.0584 మీటర్లు, 66 అడుగులది 20.1168 మీటర్లు. పాత హద్దురాళ్ళ మధ్య దూరం వెతికేటప్పుడు పది మీటర్లకో ఇరవై మీటర్లకో కాస్త ఎక్కువగా వచ్చే సరళ సంఖ్యలు ఎదురైతే అవి గొలుసు కొలతలని గుర్తుపట్టవచ్చు. ఇళ్ళ స్థలాల దగ్గర మాత్రం గజం పొడవు అర్థాన్ని వదిలేసింది. మంచిర్యాలలో రెండొందల గజాల ప్లాటు అంటే రెండొందల చదరపు గజాలు, 167 చదరపు మీటర్లు.

ఎవరెస్టు అడుగు

అడుగంటే అంతటా ఒకే అడుగు అనుకుంటాం. 1959 జులై 1న అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజాన్ని సరిగ్గా 0.9144 మీటరుగా నిర్ణయించేదాకా ఆ మాట నిజం కాదు. ఫ్రెంచి రాజుల అడుగు 32.48 సెంటీమీటర్లు. అమెరికా సర్వే అడుగు మీటరులో 1200/3937 వంతు, దాన్ని 2022 చివరితోగాని పక్కన పెట్టలేదు. భారతదేశానికీ సొంత అడుగు ఉండేది.

విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే తెలంగాణ మీదుగా ఉత్తరానికి సాగింది. 1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదులో ఆయనకు సహాయకుడిగా చేరాడు. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో పనిచేస్తూ జ్వరంతో మంచమెక్కాడు. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో చనిపోయాక సర్వే భారం ఎవరెస్టు మీద పడింది. 1830లో భూమి ఆకారానికి ఆయన ఇచ్చిన లెక్కలో భూమధ్యరేఖ వద్ద అర్ధవ్యాసం 2,09,22,931.80 అడుగులు. దీన్ని నేటి 0.3048తో హెచ్చవేస్తే 63,77,309.6 మీటర్లు వస్తాయి. సర్వే పుస్తకాల్లో కనిపించే అంకె 63,77,276.345. తేడా 33 మీటర్లకు పైమాటే. కారణం, ఎవరెస్టు లెక్కలోని అడుగు ఆయన సర్వే వాడిన కడ్డీ అడుగు. దాన్ని 0.30479841 మీటరుగా తీసుకుంటే రెండో అంకె సరిగ్గా వస్తుంది. బ్రిటన్‌లోని ప్రామాణిక గజమే 1834 అక్టోబరులో పార్లమెంటు భవనం తగలబడినప్పుడు పాడైపోయింది కనక ఆ తరవాత కూడా సర్వేవాళ్ళు తమ కడ్డీనే నమ్ముకోవడంలో తప్పేమీ లేదు.

ఈ తేడాకు భయపడాలా? కిలోమీటరుకు అయిదు మిల్లీమీటర్లు. మూడు కిలోమీటర్ల పొడవున్న గనికి నేల మీద సెంటీమీటరున్నర, అంటే నక్షాలో పెన్సిలు గీత వెడల్పుకూ చాలదు. భూమి అర్ధవ్యాసం మొత్తానికి లెక్కవేస్తేనే 33 మీటర్లవుతుంది. అసలు తేడా మరోచోట వస్తుంది. ఎవరెస్టు గోళాభం మీద గీసిన పాత టోపోషీటులోని అక్షాంశ రేఖాంశాలను అలాగే జీపీఎస్ యంత్రంలో పెడితే మంచిర్యాల దగ్గర బిందువు నూరు మీటర్లకు మించి పక్కకు జరుగుతుంది. అది అడుగు మార్చడంతో పోయే తేడా కాదు, ఆధార గోళాన్నే మార్చాలి. మంచిర్యాల పట్టణం ఉన్న 56 ఎన్ షీటు పరంపరలో పాతవి ఇంచుకు మైలు, అంటే 1:63,360. తరవాతవి 1:50,000. పాత షీటు మీద రెండు ఇంచుల దూరం 3.2 కిలోమీటర్లైతే, కొత్తదాని మీద అదే దూరం రెండున్నర ఇంచులు దాటుతుంది.

బాయిలో అడుగులు

1871లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతుల్లోంచి వచ్చిన ఈ గనులు 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అయ్యాయి. బెల్లంపల్లిలో 1927లో పని మొదలైంది, గోదావరిఖనిలో 1961లో. ఈ రెండు తేదీల మధ్య 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది, 1958 నుంచి విడతలవారీగా అమలైంది. కాబట్టి బెల్లంపల్లి గనులు అడుగుల్లో పుట్టాయి, గోదావరిఖని గనులు దేశం మీటర్లకు మారుతున్న రోజుల్లో పుట్టాయి. ఈ తేడా తెలియకుండా ఈ ప్రాంతపు పాత నక్షాలు చదవలేం.

అడుగు నిబంధనల్లోంచి పోయిందనుకుంటే పొరపాటు. 1957 బొగ్గు గనుల నిబంధనల్లో, బొగ్గును స్తంభాలుగా వదిలి వాటి మధ్య గ్యాలరీలనే దారులు తవ్వే పిల్లర్ పద్ధతికి ఇచ్చిన పట్టిక తీయండి. గ్యాలరీ వెడల్పులు 3.0, 3.6, 4.2, 4.8 మీటర్లు. లోతు మెట్లు 60, 90, 150, 240, 360 మీటర్లు. వీటిని 0.3తో భాగిస్తే 10, 12, 14, 16 అడుగుల వెడల్పు, 200, 300, 500, 800, 1,200 అడుగుల లోతు వస్తాయి. పిల్లర్ల కేంద్రాల నడుమ దూరంగా కనిపించే 19.5 మీటర్లు అన్న అంకె మీటర్లలో ఆలోచించిన మనిషికి తట్టేది కాదు, అది 65 అడుగులు. అడుగును 0.3048 కాకుండా గుండుగా 0.3 మీటరు చేసి మార్చారని ఈ వరుసే చెబుతోంది. రూఫు బోల్టుల్లో తరచు కనిపించే 1.5, 1.8 మీటర్ల పొడవులూ అయిదడుగులు, ఆరడుగుల బాపతే.

ఇలా గుండు చేయడం ఒకచోట కట్టుదిట్టమవుతుంది, మరోచోట సడలింపవుతుంది. పదహారడుగులంటే 4.877 మీటర్లు. గ్యాలరీ 4.8 మీటర్లు దాటకూడదంటే ఎనిమిది సెంటీమీటర్ల మేర నిబంధన బిగిసింది. రైలు మార్గానికీ కట్టడాలకూ 45 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదన్నది 150 అడుగుల వారసత్వమైతే, అసలు దూరం 45.72 మీటర్లు, నిబంధన ముప్పావు మీటరు సడలింది. గని సరిహద్దు వద్ద వదలాల్సిన 7.5 మీటర్లదీ అదే కథ, పాతిక అడుగులంటే 7.62. పిల్లర్ల సంగతి మాత్రం ముచ్చటైనది. పిల్లరూ గ్యాలరీ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి కనక బొగ్గులో ఎంత వంతు వదులుతున్నామన్నది మారలేదు. కేంద్రాల నడుమ 160 అడుగుల దూరంలో 16 అడుగుల గ్యాలరీ తీసినా, 48 మీటర్లలో 4.8 తీసినా విస్తీర్ణంలో నూటికి 81 వంతులు పిల్లరుగానే నిలుస్తుంది. నిబంధన మార్చినవాళ్ళు మంచి పనే చేశారని నా అభిప్రాయం. భూగర్భంలో టేపు పట్టుకుని పని పర్యవేక్షించే ఓవర్‌మన్‌కు 4.8 గుర్తుంటుంది, 4.8768 గుర్తుండదు.

గుండు చేయడానికి వీల్లేని చోట్లూ ఉన్నాయి. బొగ్గు టబ్బులు నడిచే పట్టాల మధ్య వెడల్పు రెండడుగులు, దాన్ని 610 మిల్లీమీటర్లుగానే రాస్తారు. 600 చేద్దామంటే పాత చక్రాలు ఒప్పుకోవు. మంచిర్యాల మీదుగా వెళ్ళే కాజీపేట, బల్లార్షా రైలు మార్గానిదీ అదే న్యాయం: అయిదడుగుల ఆరు ఇంచులు ఎప్పటికీ 1,676 మిల్లీమీటర్లే. గనిలోకి దిగే ఏటవాలు దారి అయిన ఇంక్లైన్ వాలుకు మార్పిడి అవసరమే లేదు. నాలుగుకొకటి అన్న వాలు అడుగుల్లోనైనా మీటర్లలోనైనా నాలుగుకొకటే, సుమారు 14 డిగ్రీలు.

అన్నింటికంటే బరువైన మార్పిడి పాత తవ్వకాల నక్షాలది. వదిలేసిన పాత గ్యాలరీల్లో నీరు నిలుస్తుంది. నీరు నిలిచి ఉండొచ్చన్న పాత పనులకు 60 మీటర్ల లోపు కొత్త తవ్వకం వస్తుంటే ప్రత్యేక అనుమతి, ముందుజాగ్రత్త బోర్లు కావాలి. ఈ 60 కూడా 200 అడుగుల లెక్కే. పాత నక్షా ఇంచుకు నూరు అడుగుల స్కేలుదైతే, అంటే 1:1,200 అయితే, 200 అడుగులు కాగితం మీద రెండు ఇంచులు, 50.8 మిల్లీమీటర్లు. దాన్ని 1:1,000 అనుకుని చదివితే 60.96 మీటర్ల దూరం 50.8గా కనిపిస్తుంది. ఈ పొరపాటు జాగ్రత్త వైపే నెడుతుంది. తిరగేసి, 1:1,000 నక్షాను 1:1,200 అనుకుంటే ఉన్న దూరం అయిదో వంతు పెరిగి కనిపిస్తుంది, అదే ప్రమాదం. దీనికి తోడు గుడ్డ అతికించిన పాత కాగితం ఏళ్ళు గడిచేకొద్దీ ముడుచుకుంటుంది. అందుకే నిబంధనలు నక్షా మీదే కనీసం 25 సెంటీమీటర్ల పొడవైన స్కేలు గీత గీయమంటాయి. కాగితం ఎంత ముడుచుకుంటే గీతా అంతే ముడుచుకుంటుంది. పాత నక్షాను స్కాన్ చేసి కంప్యూటరులో పెట్టేవాళ్ళు అంకెల్లో రాసిన స్కేలును కాక ఈ గీతను ఆధారం చేసుకోవాలి.

నీటి ప్రమాదం ఎలాంటిదో ఈ ప్రాంతానికి తెలుసు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ దుర్ఘటనకు కొలతల మార్పిడి కారణమని చెప్పడం లేదు. పాత పనులు ఎక్కడున్నాయో సరిగా తెలియడం ప్రాణాల లెక్క అని మాత్రమే చెప్పడం. అమెరికాలో 2002 జులైలో పెన్సిల్వేనియాలోని క్వీక్రీక్ గనివాళ్ళు పక్క గని తుది నక్షా లేక నీళ్ళలోకి తవ్వారు. చిక్కుకున్న తొమ్మిది మందీ బయటపడ్డారు.

బజారులో ఈ మార్పిడి మరో రూపంలో ఉంది. ఇంచులో ఎనిమిదో వంతును సూత్ అంటారు. ఇనుము దుకాణంలో నాలుగు సూత్‌ల కడ్డీ అడిగితే 12 మిల్లీమీటర్లది ఇస్తారు. నాలుగు సూత్‌లు, అంటే అర ఇంచు, 12.7. వ్యాసంలో తేడా చిన్నదే, కోత వైశాల్యంలో నూటికి పదకొండు వంతులు తక్కువ. దుకాణదారు మోసం కాదిది, ఇంజనీరు లెక్క వేసింది మిల్లీమీటర్లలోనే. సూత్‌ల్లో గుర్తుపెట్టుకున్న పాత లెక్కతో కడ్డీల సంఖ్య నిర్ణయించే మేస్త్రీ మాత్రం జాగ్రత్తపడాలి.

కంటికి ఆనని పొడవులు

శాస్త్రంలోనూ ప్రమాణాలు పాతబడతాయి. మీటరులో పది లక్షలవ వంతును మైక్రాన్ అనేవారు. 1967లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ ఆ పేరు తీసేసి మైక్రోమీటరు చేసింది. విలువ మారలేదు, ప్లాస్టిక్ సంచుల మీదా, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే గని దుమ్ము గురించిన మాటల్లోనూ మైక్రానే నిలిచింది. విద్యుత్ కేంద్రాల బాయిలర్లలోకి వెళ్ళే బొగ్గు పొడి మెత్తదనాన్ని మెష్‌లో చెబుతారు. నూటికి డెబ్భై వంతులు 200 మెష్ జల్లెడ దాటాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. 200 మెష్ అంటే ఇంచుకు 200 కళ్ళు. ఇంచును 200తో భాగిస్తే 127 మైక్రాన్లు వస్తాయి, కన్ను కొలత మాత్రం 75. మిగిలింది తీగ మందం. మెష్‌ను భాగహారంతో మైక్రాన్లు చేయబోయినవాళ్ళు ఇక్కడే తప్పుతారు. దానికి పట్టికే శరణ్యం.

బొగ్గు పక్వతను దాని మెరుపుతో తూస్తారు, అందుకు 546 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి వాడతారు. పాత నివేదికల్లో అదే 5,460 ఆంగ్‌స్ట్రాములుగానో 546 మిల్లీమైక్రాన్లుగానో ఉంటుంది. చుక్క జరిపితే సరిపోయే మార్పిడి ఇది. దుమ్ములోని క్వార్ట్జును ఎక్స్‌కిరణాలతో గుర్తుపట్టే, దాని స్ఫటిక పొరల మధ్య 3.343 ఆంగ్‌స్ట్రాముల అంతరం దగ్గర అంత తేలిక కాదు. మాన్నె సీగ్బాన్ 1925లో స్థిరపరచిన ఎక్స్ ప్రమాణం వెయ్యి కలిస్తే ఒక ఆంగ్‌స్ట్రాం అవుతుందనుకున్నారు. అసలు విలువ 1.002. 1940ల దాకా చాలామంది తమ కొలతల్ని ఎక్స్ ప్రమాణాల్లో తీసి, పేరు మాత్రం ఆంగ్‌స్ట్రాం అని రాశారు. అలాంటి పత్రంలో క్వార్ట్జు 3.336గా కనిపిస్తుంది. వెయ్యికి రెండు వంతుల ఈ తేడా ప్రయోగం తప్పు కాదు. అచ్చయిన ఏడాది చూస్తే విషయం తేలుతుంది.

మీటరు నిర్వచనమూ స్థిరంగా లేదు. 1889లో లోహపు కడ్డీ, 1960లో క్రిప్టాన్ కాంతి తరంగాలు 16,50,763.73, 1983 నుంచి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో కాంతి శూన్యంలో పోయే దూరం. ప్రతిసారీ పాత విలువకు అతికేలా కొత్త నిర్వచనం చేశారు కనక గనుల లెక్కకు ఏమీ కాలేదు.

పొడవు పేరు పెట్టుకుని వేరే దేన్నో కొలిచే ప్రమాణాలను పొడవుగా మార్చకూడదు. గని గాలి ఒత్తిడిని వాటర్ గేజ్ ఇంచుల్లో చెప్పేవారు. ఒక ఇంచు 249 పాస్కళ్ళ ఒత్తిడి, 25.4 మిల్లీమీటర్లని మాత్రం రాసి ఊరుకుంటే అర్థం లేదు. ఊళ్ళో బోరు వేసి రెండించుల నీళ్ళు పడ్డాయంటారు. బోరు లోతు ఫీట్లలో, గొట్టం వెడల్పు ఇంచుల్లో, పడ్డ నీళ్ళూ ఇంచుల్లోనే. ఆ మూడో ఇంచు నీటి ప్రవాహానికి కొలత.

గోదావరి మీద

ఎగువన శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1,091 అడుగులు. ఉపనది కడెం మీది ప్రాజెక్టుది 700 అడుగులు. మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల మధ్య శ్రీపాద ఎల్లంపల్లికి వచ్చేసరికి మట్టం 148 మీటర్లు. వానాకాలం వార్తల్లో ఈ మూడూ ఒకే పేరాలో వస్తాయి. ఒకే లెక్కలో రాస్తే 332.5, 213.4, 148 మీటర్లు, నీరు ఎంత దిగివస్తోందో అప్పుడు తెలుస్తుంది. ఎల్లంపల్లి మట్టం మీటర్లలో ఉన్నా నిల్వ 20.175 టీఎంసీలని ఘనపుటడుగుల్లోనే చెబుతారు. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు, 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఆ లెక్కన ఎల్లంపల్లి నిల్వ 57 కోట్ల ఘనపు మీటర్లకు కాస్త ఎక్కువ.

దిగువన భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. ఇవి సముద్రమట్టం నుంచి తీసినవి కావు, అక్కడి కొలబద్ద సున్నా నుంచి తీసినవి. ఎల్లంపల్లి 148 మీటర్లు సముద్రమట్టం నుంచి. కాబట్టి 43 అడుగుల్ని 13.1 మీటర్లు చేసి ఎల్లంపల్లి మట్టం పక్కన పెట్టి పోల్చడం తప్పు. నది ఒడ్డు జనానికి 43, 48, 53 అన్న అంకెలు నోటికి వచ్చు, ఏ అంకెకు ఏ వీధిలోకి నీరొస్తుందో వాళ్ళకు తెలుసు. వరద వార్త రాసేవాళ్ళు ఆ అడుగుల్ని అలాగే ఉంచి, మీటర్లు కావాలనుకుంటే పక్కన చేర్చాలి.